ఏది ముందు, ఏది వెనుక?

ధర్మపురి ప్రాంతమున మన యిండ్లలో పెండ్లి జరిగినప్పుడు వంటకు వచ్చువారు తరచుగా తమిళులే. పని వారికి బాగుగా తెలియును. నూరు విస్తళ్లకు బియ్యమెంతో, నూనె యెంతో మనము చెప్పనక్కరలేదు. అయినను ఒకచోట ఆగి, "ఇంటి పెద్దను పిలవండి" అంటారు. విస్తరిలో ఏది ముందు పడవలెననునది ఆ యింటి ఆనవాయితీ గదా! పెద్ద వచ్చి ఒక్క మాట చెప్పిపోవును, పని సాగును.

కంప్యూటరు భాషలలో 'కాల్‌బ్యాక్' అనునది యించుమించుగా యిదే. పనిచేయు భాగమునకు పని తెలియును. మధ్యలో వచ్చు ఒక ప్రశ్నకు జవాబు మాత్రము మనము వ్రాసియిచ్చిన ఫంక్షనును పిలిచి తెలిసికొనును. ఈ సంగతి మాకు మా మనుమరాలి వలన తెలిసినది. ఇంజనీరింగు చదువుచున్న పిల్ల. తెలుగు చక్కగా మాటలాడును గాని బడిలో చదువ నేర్చినది తమిళము.

మా బంధువర్గపు పేర్ల పట్టికను అకారాది క్రమమున పెట్టవలెనని మేము కోరినాము. పాత పుస్తకములో కొన్ని చిరునామాలు సేలం జిల్లా పేరనే యున్నవి. 1965లో ధర్మపురి, 2004లో కృష్ణగిరి వేరు జిల్లాలైనవి గనుక అవన్నియు దిద్దవలసి వచ్చినది. ఆమె సి ప్లస్ ప్లస్ భాషలో ప్రోగ్రాము వ్రాసినది. స్ట్రౌస్ట్రప్ అను శాస్త్రజ్ఞుడు 1979లో బెల్ ప్రయోగశాలలో మొదలుపెట్టిన భాష అది. మనము వ్రాసినదానిని కంపైలరు ముందుగానే యంత్రభాషలోనికి మార్చును. పేర్లను వరుసపెట్టు 'సార్ట్' 1998 నాటి ప్రమాణములోనే యున్నది.

తీరా చూచిన, కావేరమ్మ కంటె కాళప్ప ముందు వచ్చినాడు! కారణమేమనగా, యూనికోడు పట్టికలో ళ అక్షరము ల ప్రక్కనే, వ కంటె ముందున్నది. ఱ కూడ ర ప్రక్కనే. మేము పలకపై దిద్దిన వర్ణమాలలో ఆ రెండును హ దాటిన పిమ్మటనే.

"తాతా, మరి ఏది ముందు?" అని అడిగినది. ఇంటనున్న చిన్నవారెవ్వరికిని తెలియలేదు. జవాబు చెప్పగలవారము మేమిద్దరమే.

అప్పుడామె 'ఫంక్షన్ ఆబ్జెక్టు' నొకటి వ్రాసినది. వట్టి ఫంక్షను చేతులూపుకొనుచు వచ్చు పెద్ద వంటిది. ఇది చేతిలో పుస్తకముతో వచ్చు పెద్ద. ఆ పుస్తకము అక్షరముల వరుస. తెలుగు వరుస నిచ్చిన తెలుగు పట్టిక, తమిళ వరుస నిచ్చిన తమిళ పట్టిక. సార్ట్ మాత్రము ఒక్కటే. తమిళములోను ఇదే చిక్కు: కడపట రావలసిన రెండవ న కారమును యూనికోడు మొదటి దాని ప్రక్కనే పెట్టినది. 2011 ప్రమాణముతో వచ్చిన 'లాంబ్డా'లును లోలోపల ఇట్టి ఆబ్జెక్టులేనట. పేరు పెట్టు శ్రమ తప్పును.

ఒక నియమము మాకు మిక్కిలి నచ్చినది. రెండు పేర్లు సమానమైనచో "ఇది ముందు" అని దేనిని గూర్చియు చెప్పరాదు. చెప్పినచో సార్ట్ ఏమి చేయునో హామీ లేదు. మా పట్టికలో వెంకటప్పలు అయిదుగురు! వారు పుస్తకములో నున్న వరుసలోనే యుండుటకు 'స్టేబుల్ సార్ట్' వాడినది.

మమ్ము ఆలోచింపజేసినది మరియొకటి. మనము జవాబు వ్రాసి యివ్వకున్నను ఆ యంత్రము ఆగదు. తనకు తోచిన వరుసతో పని ముగించును. పట్టిక అందముగానే యుండును. తెలిసినవారు లేనినాడు అది తప్పని చెప్పువారుండరు. వంటవాడు పిలిచినప్పుడు పలుకు పెద్ద లేని యిల్లు అట్టిదే గదా!

ఆ పుస్తకమును నింపుటకు మేము వర్ణమాలను మెల్లగా చెప్పినాము. ఆమె ఒక్కొక్క అక్షరమే వ్రాసికొన్నది. రెండు సాయంకాలములు పట్టినది. ఇప్పుడు ఱ వరకు తడుముకొనకుండ చెప్పును. చదువరుల యిండ్లలోను పిల్లలు ఇట్టి ప్రశ్నతో వచ్చినయెడల, చేతిలోని పని ప్రక్కన పెట్టి జవాబు చెప్పవలెనని మా మనవి.