సభ్యుడికి జవాబు చెప్పే సంఘం

“విద్యార్థుల్లో చైతన్యం తగ్గిపోయింది” అన్న మాట విద్యార్థి సంఘాల కార్యకర్తల నోట తరచుగా వింటున్నాను. సమ్మెకు పిలుపిస్తే తరగతులు యథాప్రకారం నడుస్తాయి. సభ పెడితే ముందు వరుస కుర్చీలు కూడా నిండవు. ఇందుకు కారణం సినిమాలనీ, సెల్‌ఫోన్లనీ, ఉద్యోగాల యావ అనీ చెబుతారు. ఈ కారణాల్లో కొంత నిజం లేకపోలేదు. కాని సంఘం తన సభ్యుడితో ఎప్పుడు మాట్లాడింది, ఏం మాట్లాడింది, అతను అడిగినదానికి ఏం జవాబు చెప్పింది? ఈ లెక్క చూసుకోకుండా సభ్యుడి చైతన్యాన్ని తూకం వెయ్యడం న్యాయం కాదని నా అభిప్రాయం.

నేను జిల్లా కేంద్రంలోని ఒక డిగ్రీ కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పాను. అక్కడ ఒక సంవత్సరం స్కాలర్‌షిప్పు బకాయిల కోసం సమ్మె పిలుపు వచ్చింది. కోరిక న్యాయమైనది. గోడల నిండా నినాదాలు రాశారు, గేటు దగ్గర కరపత్రాలు పంచారు. అయినా సమ్మె మధ్యాహ్నానికే చల్లబడింది. కారణం కోసం ఎక్కువ దూరం వెతకనక్కరలేదు. సన్నాహక సమావేశాలన్నీ రాత్రి ఎనిమిది గంటలకు మగపిల్లల హాస్టల్లో జరిగాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది పల్లెల నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్లు. సాయంత్రం బస్సు తప్పితే ఇల్లు చేరడమే కష్టం. ఆడపిల్లల హాస్టల్ గేటు చీకటి పడకముందే మూతపడుతుంది. కాబట్టి ఎవరి కోసం సమ్మె తలపెట్టారో వాళ్లలో చాలామంది ఒక్క మాటైనా చెప్పే అవకాశం లేకుండానే తీర్మానం అయిపోయింది.

ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె నాతో ఇలా అన్నది: “బకాయి రావాలని మాకూ వుంది సార్. కాని హాజరు తగ్గిందని వున్న స్కాలర్‌షిప్పు కూడా ఆపేస్తే ఎవరు చూస్తారు? ఇదే మాట సంఘం అన్నను అడిగితే, ముందు రామ్మా, తర్వాత చూద్దాం అన్నాడు.”

ఈ అమ్మాయికి చైతన్యం లేదని ఎవరనగలరు? పోరాటంలో నష్టం ఎవరి మీద పడుతుంది, దాన్ని సంఘం ఎలా పంచుకుంటుంది అని ఆమె అడుగుతున్నది. ఏ కార్మిక సంఘంలోనైనా మొదట వచ్చే ప్రశ్న ఇదే.

మన చరిత్రలో దీనికి ఒక గొప్ప జవాబు వుంది. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడరాదన్న నిషేధాన్ని ఎదిరించి విద్యార్థులు సమ్మెకు దిగారు. ఆ పాట విషయంలో మనలో భిన్నాభిప్రాయాలు వుండవచ్చు. నిరంకుశ ప్రభుత్వాన్ని వాళ్లు ఎదిరించిన తీరులో భిన్నాభిప్రాయానికి తావులేదు. విశ్వవిద్యాలయం వాళ్లను బహిష్కరించింది. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లలో చాలామందిని చేర్చుకున్నది, పి.వి. నరసింహారావు అలా వెళ్లినవారిలో ఒకరు. “సమ్మె చేస్తే మా చదువేమవుతుంది?” అన్న ప్రశ్నకు నాగపూర్ ఒక జవాబైంది. అటువంటి జవాబు వెతకడం కూడా ఉద్యమంలో భాగమే.

ఇక సాధనాల సంగతి. నేడు కరపత్రం పని చాలావరకు వాట్సాప్ గ్రూపు చేస్తున్నది. అచ్చు ఖర్చు లేకుండా వందలమందికి క్షణంలో కబురు చేరుతుంది. ఇది చిన్న సౌకర్యం కాదు. అయితే అనేక గ్రూపుల్లో అడ్మిన్లు తప్ప మరెవరూ రాయడానికి వీలుండదు. పనికిరాని సందేశాలు నిండిపోతాయని, ప్రత్యర్థులు గొడవ పెడతారని సమర్థించుకుంటారు. ఆ ఇబ్బంది నిజమే కావచ్చు. కాని అప్పుడది చేతిలో పట్టే మైకు అవుతుందే తప్ప సంఘం కాదు. పూర్వం గోడపత్రిక కింద పెన్సిలుతో నాలుగు మాటలు గీకే స్వేచ్ఛ అయినా వుండేది!

ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో మరో పద్ధతి వుంది. హాస్టల్ మెస్సుల్లో బల్లల మీద కరపత్రాలు, రాత్రి భోజనాల తర్వాత అక్కడే సభలు, అధ్యక్ష పదవికి పోటీచేసేవాళ్లు ఒకే వేదిక మీద నిలబడి ప్రశ్నలకు జవాబులు చెప్పడం దశాబ్దాలుగా ఆచారం. సభ్యుడు ఎక్కడ కూర్చుని వున్నాడో సంఘం అక్కడికే వెళుతుంది. మన జిల్లా కళాశాలకు అటువంటి మెస్సు లేదు. దాని స్థానంలో బస్టాండు వుంది, మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే చెట్టునీడ వుంది.

2006లో లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చెయ్యమని సుప్రీంకోర్టు ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించరాదు, అచ్చు పోస్టర్లు వాడరాదు, ఫలితాలు వచ్చిన 2 వారాల్లో లెక్కలు అప్పగించాలి. ఈ నిబంధనల్లో కొన్ని విద్యార్థి రాజకీయాలను కుదించేవేనన్న విమర్శతో నేను ఏకీభవిస్తాను. కాని ఎన్నికల లెక్క కోర్టు కోసం చూపించేవాళ్లం, సభ్యత్వ రుసుము లెక్క సభ్యుడు అడగకముందే ఎందుకు చూపించరాదు? తెలుగు రాష్ట్రాల్లో అనేక కళాశాలల్లో విద్యార్థి సంఘాలకు ఎన్నికలే లేవు. ఓటు లేనిచోట నాయకుణ్ణి అదుపులో పెట్టేది ఈ జవాబుదారీతనం ఒక్కటే.

చెయ్యవలసిన పనులు సామాన్యమైనవే. తరగతికి ఇద్దరు ప్రతినిధులు, అందులో ఒకరు విద్యార్థిని వుండాలి. సమావేశాలు పగటిపూట విరామంలో జరగాలి. అడిగిన ప్రతి ప్రశ్నా ఒక పుస్తకంలో ఎక్కాలి; వారం తిరిగేలోగా జవాబు రావాలి, “ఇంకా తేలలేదు” అన్న జవాబైనా సరే. విద్యావిధానాన్ని విమర్శించే ముందు, మీ బకాయి ఏ కార్యాలయంలో ఎందుకు ఆగిందో తేటతెలుగులో చెప్పాలి. ఆ దారినే విధానం దాకా వెళ్లవచ్చు. అధికారికి వినతిపత్రం ఇచ్చి వచ్చాక, అతను దేనికి ఒప్పుకున్నాడో, దేన్ని తోసిపుచ్చాడో రెండూ చెప్పాలి. ఓటమిని దాచిన సంఘాన్ని విజయం చెప్పినప్పుడు కూడా ఎవరూ నమ్మరు.

ఈ పనిలో నినాదం రాసినప్పటి ఉత్సాహం వుండదు, ఓపిక కావాలి. ఉపాధ్యాయ మిత్రులు కూడా ఇందులో చెయ్యి వెయ్యాలి. వచ్చే సభ్యత్వ నమోదుకు రసీదులు అచ్చువేసేటప్పుడు, వెనుకవైపు నిరుటి జమాఖర్చు, నిరుడు తీర్మానించి చెయ్యలేకపోయిన పనులు కూడా అచ్చువెయ్యండి. ఏ సంఘం ముందుగా ఆ పనికి పూనుకుంటుందో చూడాలని వుంది.