ముడి ఎక్కడికి పోయింది

మైపాడు,
మే 20.

ఒరే అబ్బయా,

ముందు నీకు కావలసిన సంగతి చెబుతాను. మీ నాయన బాగానే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పి ఉండేదే. మాత్రలు మాత్రం మానలేదు, డబ్బా విప్పించి మరీ చూశాను. వేట నిషేధం గదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలన్నీ ఒడ్డునే. పాలెంలో ఎటు చూసినా వలలే పరిచి ఉన్నాయి. ఆయన పొద్దు పొడవకముందే సరుగుడు చెట్ల నీడకు చేరి వల ముందేసుకుని కూర్చుంటున్నాడు. చూపు ఆనకపోయినా చేతులకు పని తెలుసు.

పోయిన వారం నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పటికప్పుడు బదులు చెప్పలేకపోయాను. "నేను అనేదే అబద్ధమని ప్రవచనంలో చెబుతున్నారురా. అట్టయితే పద్దెనిమిదేళ్ళు ఈ కువైట్ ఎండలో పైపులు అతికింది ఎవరు? ఇంటికి డబ్బు పంపింది ఎవరు?" అన్నావు. నీ గొంతులో కోపం కంటే దిగులు ఎక్కువ వినిపించింది. ఏదో నాలుగు మాటలు చెప్పి ఫోను పెట్టేయడానికి మనసొప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఈ నెల ఒకటో తారీఖున నేను మీ ఇంట్లోనే ఉన్నాను. పింఛను ఇచ్చే పిల్ల వచ్చి మీ నాయన బొటనవేలు మిషను మీద పెట్టించింది. పడలేదు. తుడిచి పెట్టించింది. చూపుడు వేలు పెట్టించింది. తలలో రుద్దించి, నూనె అంటిన తరవాత మళ్ళీ పెట్టించింది. ఊహూ. అరవై ఏళ్ళుగా తాళ్ళు లాగిన వేళ్ళురా, ఇంక గీతలెక్కడివి! ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకుని చూశాను. బొటనవేలి కొస గవ్వ లోపలి వైపులా నున్నగా ఉంది. ఆయన మాత్రం ఆ పిల్లతో, "నేనే గదమ్మా, ఎదురుగానే కూర్చోనుండా" అన్నాడు. పాపం ఆ పిల్ల మంచిది, చివరికి ముఖం ఫొటో తీసి పని కానిచ్చింది.

ఆ మాట నన్ను వదలలేదు. వేలి గీతలు పోయాయి. మనం చిన్నప్పుడు చూసిన కండలూ పోయాయి, నల్లటి జుట్టూ పోయింది. తెడ్డు వేసే రోజుల్లోని ఆ మనిషిని ఇప్పుడు ఫొటోలో చూపిస్తే పాలెంలో పిల్లలు గుర్తుపట్టరు. అయినా "నేనే" అనడంలో ఆయనకు రవంత అనుమానం లేదు. మన పెద్దలు విచారణ మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. ఒళ్ళు మారుతున్నదని తెలుస్తోంది, మనసు మారుతున్నదనీ తెలుస్తోంది. ఆ తెలియడం మాత్రం మారలేదు. దానికి ఊరూ పేరూ లేదు, వయసూ లేదు. ఆత్మ అన్నారు దాన్ని. మరి అహంకారమో? అదీ "నేను" అనే అంటుంది. కానీ ఒంటిని పట్టుకుని, పేరును పట్టుకుని అంటుంది. ప్రవచనంలో అబద్ధమన్నది ఈ రెండోదాన్ని. నువ్వు రెంటినీ కలిపి విన్నావు. తప్పు నీది కాదు, రెండింటికీ ఒకే మాట ఉండటం వల్ల వచ్చిన చిక్కు.

నీకు 1984 నవంబరు గుర్తుందా? తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటిన రాత్రి, బడి గదిలో అందరం ఒకరి మీద ఒకరం పడుకున్నాం. రైతులూ, చేపలు పట్టే పట్టపువాళ్ళూ అనే తేడా ఆ రాత్రికి లేకుండా పోయింది. భయంతో ఏడ్చి ఏడ్చి మనిద్దరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. తెల్లవారుజామున నీకంటే ముందు నాకు మెలకువ వచ్చింది. నువ్వు కళ్ళు తెరవడం చూశాను. కాసేపు, ఒక్క ఊపిరి పీల్చినంత సేపు, నీ ముఖంలో ఏమీ లేదు. భయం లేదు, ఆకలి లేదు. ఊరికే చూస్తున్నావు. తరవాత గబుక్కున లేచి "మా పడవ!" అన్నావు. పడవ అప్పటికే పోయింది. ఆ సంగతి మనకు మధ్యాహ్నం తెలిసింది.

పదేళ్ళ పిల్లవాణ్ణి, అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. చాలా ఏళ్ళకు రమణ మహర్షి మాటల్లో చదివాను: మేలుకోగానే మొదట పుట్టే తలపు "నేను" అని, తక్కినవన్నీ దాన్ని పట్టుకునే వస్తాయని. చదవగానే నీ ముఖం కళ్ళ ముందుకొచ్చింది. మొదట చూపు. తరవాత "నేను". వెంటనే "మా". ఆ "మా" వెనకే ఏడుపు. ఒళ్ళు తెలియని నిద్రలో నీకు పడవా లేదు, పేదరికమూ లేదు, నాయన కొడుకువన్న సంగతీ లేదు. అయినా నువ్వు లేకుండా పోలేదు గదా. పోయి ఉంటే లేచి "బాగా నిద్ర పట్టింది" అని చెప్పేవాడెవడు?

1902లో శివప్రకాశం పిళ్ళై అనే ఆయన విరూపాక్ష గుహకు వెళ్ళి "నేనెవరు?" అని అడిగితే, మౌనంగా ఉన్న రమణులు జవాబులు రాసి చూపించారట. రమణులు అహంకారాన్ని చిజ్జడగ్రంథి అన్నారు. చిత్తు అంటే చైతన్యం, జడం అంటే ఈ ఒళ్ళు. రెంటికీ నడుమ పడిన ముడి. ఆ మాట నేను పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. దాని బరువు మాత్రం నిన్న మీ నాయన పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది.

చిక్కుపడిన చోట ఒక ముడిని ఆయన గోటితో విప్పుతున్నాడు. ఉప్పు పట్టి బిగిసిపోయిన ముడి. లాగలేదు, లాగితే ఇంకా బిగుస్తుందట. ఎటునుంచి పడిందో వేలితో తడిమి చూసి, వచ్చిన దారినే కొంచెం కొంచెం వెనక్కి తోశాడు. విడిపోయింది. అప్పటిదాకా అక్కడ కందిగింజంత గట్టిగా ఉన్న వస్తువు, చూస్తూ ఉండగానే లేదు. "మామా, ముడి ఎక్కడికి పోయింది?" అన్నాను. "ఎక్కడికి పోద్ది అబ్బయ్యా, తాడే గదా!" అన్నాడు, తలెత్తకుండానే.

నేను పొంగిపోయి, మన పెద్దలు అహంకారం గురించి చెప్పిందీ ఇదేనని వివరించబోయాను. ఆయన ఓపిగ్గా విని, "అన్ని ముళ్ళూ ఇప్పేస్తే ఇంక వలేముంటది? చేప ఎట్ట పడతది?" అన్నాడు. నోట మాట రాలేదు నాకు. రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన.

నీ ప్రశ్నకు బదులు అందులోనే ఉందనిపిస్తోంది. పైపులు అతికిన నువ్వు వలలో ముడివి. చెల్లెలి పెళ్ళి, ఇంటి పైకప్పు, పిల్లల చదువులు ఆ ముడి మీదే నిలబడ్డాయి. దాన్ని అబద్ధమని తోసేయడానికి ఎవరికీ హక్కు లేదు. అద్వైతం చెప్పేదల్లా, ముడి తాడుకు వేరే వస్తువు కాదని. వాడుకలో ముడి నిజమే, పని చేస్తుంది. దాన్ని వేరుగా తీసి చేతిలో పెట్టమంటే ఎవరివల్లా కాదు. ఈ మెలిక విడిచిపెట్టి, "అంతా మిథ్య" అని పక్కవాడి చెమటను కూడా మిథ్యలో కలిపేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏర్పేడులో వ్యాసాశ్రమం పెట్టి, కులం చూడకుండా, ఆడవాళ్ళూ మగవాళ్ళూ అనకుండా వేదాంతం బోధించిన మలయాళస్వామి "శుష్క వేదాంత తమోభాస్కరము" అని ఏకంగా ఒక పుస్తకమే రాశాడంటే, ఆ జబ్బు ఎంత పాతదో చూడు.

మన నెల్లూరి తిక్కననే తీసుకో. పదిహేను పర్వాల భారతం. ఎంత చాకిరీ! అంతకుముందు ఉత్తర రామాయణం రాజు మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. భారతానికి వచ్చేసరికి రాజును పక్కన పెట్టి, హరీ హరుడూ ఒకటేనన్న హరిహరనాథుడి చేతిలో పెట్టాడు. మా దేవుడు గొప్ప, మా దేవుడు గొప్ప అని కొట్టుకుంటున్న కాలంలో. రాసింది ఆయనే. కానీ పట్టు వదిలాడు. అహంకారం "నేను" దగ్గర కంటే "మా" దగ్గరే ఎక్కువ దాక్కుంటుందని ఆయనకు తెలిసి ఉండాలని నా నమ్మకం.

అన్నట్టు, మీ అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే గొలగమూడి వెంకయ్యస్వామి వేలిముద్ర వేసిన చీటీ కనిపించింది. ఆయన సమాధి అయింది 1982 ఆగస్టు 24న, అంటే మనకు ఎనిమిదేళ్ళప్పుడు. పిచ్చి వెంకయ్య అని పిలిచిన జనానికే, చదువు రాని ఆ మనిషి, అడిగినవాళ్ళకల్లా వేలిముద్రలు వేసి ఇచ్చాడు. సిరా ఇంకా చెరగలేదు. మీ నాయన దాన్ని తన నున్నటి వేలితో తడిమి, మడతపెట్టి మళ్ళీ లోపలే పెట్టాడు.

నీ పాత వల ఒకటి అటక మీద ఉండేది గదా, దాన్ని దించాడు. చినిగిన కన్నులు కోసి పారేసి, బాగున్న తాడు వరకు తీసి కొత్త వలలో కలుపుతున్నాడు. "వాడిదే, తాడు గట్టిదే" అన్నాడు. సగం అయింది. జూన్ 15కి పడవ దిగేలోగా పూర్తి చేస్తానంటున్నాడు. సెలవు దొరికితే ఆ రోజుకు రా. దొరక్కపోయినా దిగులు పడకు. జూన్ ఒకటిన పింఛను పిల్ల వచ్చే వేళకు నేను ఇంట్లోనే ఉంటాను.

నీ,
బడి గదిలో పక్కన పడుకున్నవాడు