ఎరువు కోటు

కొలువు నిమిత్తము నలుగురు పరీక్షకుల యెదుట కూర్చుండబోవు యువకుడు ఏమి ధరించి పోవలెను? ఈ ప్రశ్న అల్పమని తోచవచ్చును. మేమును అట్లే తలచి, తొందరపడి సమాధానము చెప్పి, ఒక బిడ్డకు కీడు చేసితిమి. ఆ తప్పును దాచుకొనుటకంటె చదువరుల యెదుట చెప్పుకొనుటయే మేలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము భద్రాచలమునకు ఈవలి గట్టున, అడవి యంచున కాపురముండి, బడిపంతులుగా తల నెరసినవారము. మాయొద్ద చదువుకొన్న కోయ పిల్లవాడొకడు, దుమ్ముగూడెమునకు పైనున్న గూడెమువాడు, ఐ.టి.ఐ.లో కరెంటు పని నేర్చి పరీక్ష నెగ్గెను. ఒక కంపెనీవారు అతనిని ఖమ్మమునకు ఇంటర్వ్యూకు రమ్మనిరి. అది మే నెల. గూడెములలో తునికాకు కోతల కాలము. అతడు వచ్చి మా యరుగుమీద కూర్చుండి, “ఏం వేసుకుని పోవాలి సారూ?” అని యడిగెను.

మేము క్షణమైన నాలోచింపక, “కోటు వేసుకో నాయనా, టై కట్టు, నల్లబూట్లు తొడుగు. దొరలా కనబడకపోతే ఎవరు లెక్కచేస్తారు?” అంటిమి. ఏండ్ల తరబడి పెట్టెలో పడియున్న మా కోటు తీసి యిచ్చితిమి. బూట్లు అతడే కొనుక్కొనెను. ఏబది ఆకులకు ఒక కట్ట చొప్పున తునికాకు కోసి, కట్టలు కట్టి, తల్లి కూడబెట్టిన డబ్బు అది. ఆ సంగతి మాకు తరువాత తెలిసినది.

భద్రాచలము నుండి ఖమ్మము నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. పైన నిప్పులు చెరుగు ఎండ. ప్రక్కన బొగ్గు లారీల దుమ్ము. కోటు నలుగునను భయమున అతడు దానిని తొడుగుకొనియే బస్సులో కూర్చుండెనట. మా భుజములకు కుట్టిన కోటు అతని భుజములపై నిలువలేదు. క్రొత్తబూట్లు మడమలు కొరికినవి. లోపలికి పోవునప్పటికి కుంటుచు, చేతులను కప్పుచున్న కోటుచేతులను పైకి లాగుకొనుచు పోయెను. గూడెములో ఎవరి పంపుసెట్టు చెడినను విప్పి బాగుచేయువాడు అక్కడ నోరు మెదపలేకపోయెను.

“మోటారు ఎందుకు వేడెక్కుద్దని అడిగారు సారూ, అప్పటికి నేనే వేడెక్కి ఉన్నా” అని నవ్వుచు చెప్పెను. మాకు నవ్వు రాలేదు. కోటును లాండ్రీలో ఉతికించి, ఇస్త్రీ చేయించి, కాగితమున చుట్టి తెచ్చి యిచ్చెను. దానికైన వ్యయమును ఆ తునికాకు డబ్బే. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు నగలనుగూర్చి చెప్పిరి. కోటునకును ఆ మాట చెల్లును.

అట్లయిన వేషముతో పని లేదా? 1931లో గాంధీమహాత్ముడు లండనులో రాజును చూడబోయినప్పుడును తన కొల్లాయిని మార్చలేదని మనమందరము గర్వముతో చెప్పుకొందుము. కాని ఆయన కొలువునకై పోయినవాడు కాడు. అన్నము కొరకు తలుపు తట్టువానికి ఆ స్వేచ్ఛ లేదు. 2019లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పండితులు ఒక పరిశోధనను ప్రకటించిరి. ముఖచిత్రములను చూపి ఎవరు సమర్థులని యడుగగా, కలవారి బట్టలవలె తోచు బట్టలలోనున్న ముఖములనే జనులు సమర్థములనిరి. బట్టలను లెక్కింపవలదని ముందుగా హెచ్చరించినను ఆ పక్షపాతము పోలేదు. లోకము ఇట్లున్నదని యెరిగియే మన పిల్లలను పంపవలెను.

కావున మేమిప్పుడు చెప్పు సలహా ఇది. చొక్కా తనదై యుండవలెను. లేతరంగుది, ఉతికి ఇస్త్రీ చేసినది, ఒంటికి సరిపోయినది చాలును. అంతకుముందు ఒక్కసారియైన తొడిగి చూచుకొనవలెను. చక్కగా కుట్టిన మాసిక సిగ్గుపడదగినది కాదు. ఊడిన గుండీ అశ్రద్ధ. క్షవరము నాలుగు దినములు ముందు చేయించుకొనుట మేలు. గడ్డమును గీయుటయో, తీరుగా కత్తిరించుటయో యెవరి యిష్టము వారిది. గోళ్లు తీయవలెను. అత్తరు పూసికొని గది నింపరాదు. గుట్కా వాసన అసలే కూడదు. పాతవైనను తుడిచిన చెప్పులు కొరికెడి క్రొత్తబూట్లకంటె మేలు. బస్సులో పాత చొక్కాతో పోయి, బస్టాండులో ముఖము కడుగుకొని, సంచిలోని మంచి చొక్కా అక్కడ తొడుగుకొనవలెను. ఇందులో దొరతన మేమియు లేదు. ఎదుటివానిని గౌరవించుటయు, తన్ను తాను మరచి పనినిగూర్చి మాటలాడుటకు వీలు కల్పించుకొనుటయు మాత్రమే కలవు. మనస్సును తనవైపు లాగుకొనని బట్టయే మంచి బట్ట.

వానకాలమున మాప్రాంతమువారికి మరియొక చిక్కు కలదు. భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చును. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటెను. వాగులు పొంగి దారులు తెగును. ముందునాడే బయలుదేరుట యువకుని వివేకము. పంట్లాము అంచున బురద చూచి ముఖము చిట్లింపకుండుట పరీక్షకుని వివేకము.

ఆ పరీక్షకునితోడను రెండు మాటలు చెప్పవలసియున్నది. కోయలు అడవిదున్న కొమ్ముల తలపాగ ధరించి నృత్యము చేయగా సభలలో చప్పట్లు కొట్టి, వారితో ఫొటోలు తీయించుకొందుము. అదే యింటి పిల్లవాడు దరఖాస్తు చేతబట్టి ముందు నిలిచినప్పుడు అతని కాలిజోడు చూచి మార్కులు తగ్గింతుము. ఇది న్యాయమా? ముఖాముఖి పరీక్షలో సిఫారసులకు తావుండునని, కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి గ్రూప్ బి లోని గెజిటెడ్ కాని కొలువులకును, గ్రూప్ సి, డి కొలువులకును ఇంటర్వ్యూలను తీసివేసినది. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రూప్-1, గ్రూప్-2 లకును తీసివేసినది. ఇంటర్వ్యూ మిగిలిన చోట్ల మొదట పని చేయించి చూచి, పిమ్మట మాటలాడించిన ఎంత బాగుండును! మోటారు విప్పు చేతికి కోటు అక్కరలేదు.

ఆ పిల్లవాడు మరునాడు గాదు, మరు సంవత్సరము వేరొక చోటికి పోయెను. ఈసారి మమ్ము సలహా యడుగలేదు. తన నీలిచొక్కా తానే ఉతికి, ఇస్త్రీ చేసికొని పోయెను. ఉద్యోగము వచ్చెనా యని చదువరులడుగుదురు. ఆ పర్యాయమును రాలేదు. కాని అడిగిన ప్రతి ప్రశ్నకును జవాబు చెప్పితినని మా యరుగుమీద కూర్చుండి, ఆ ప్రశ్నలన్నియు వరుసగా మాకు వినిపించెను. “పోయినసారి మీ కోటు పోయింది సారూ, ఈసారి నేను పోయాను” అనెను.

ఆ కోటు ఇప్పటికిని మా పెట్టెలోనే యున్నది. ఎవరికిని ఎరువియ్యము.