ఏ యాటకు చోటు?

మాయింట ఆదివారము సాయంకాలము కాఫీలు ముగిసిన పిమ్మట వాదము మొదలగుట యాచారమైపోయినది. వాదించువారు మా కుమారుడు, వాని స్నేహితులిరువురు, మా అన్నగారి కుమార్తె. వాదవిషయము రాజకీయములు గావు, సినిమాలు గావు. కంప్యూటరుపై నాడు ఆటలు. అందును పెద్ద కంపెనీలవారు కోట్లు వెచ్చించి తయారుచేయునవి గావు. ఒక్కరో యిద్దఱో కూర్చుండి, ఏండ్ల తరబడి శ్రమించి, సొంత ధనముతో నిర్మించు చిన్న యాటలు. వీనిని ఇండీ ఆటలందురు. అట్టివానిలో వేనిని ఆన్‌లైను అంగడివారు అమ్మకమునకు గైకొనవలెను, వేనిని త్రిప్పి పంపవలెననునదే తగవు.

సోదరీమణులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వితిమి. కాని రాత్రి వంటయిల్లు సర్దుకొన్న పిమ్మట మేమే యొక గంటసేపు ఆడుట మొదలిడినది లగాయతు ఆ నవ్వు మాకు మిగులలేదు.

మమ్ము ఈ వ్యసనములోనికి దింపినది అన్‌ప్యాకింగ్ అను నాట. ఆస్ట్రేలియాలోని యొక చిన్న సంస్థ దానిని 2021లో వెలువరించినది. 1997 మొదలు 2018 వఱకు ఒక స్త్రీ మాఱిన యిండ్లలో పెట్టెలు విప్పి, సామాను సర్దుటయే ఆట. యుద్ధము లేదు, శత్రువు లేడు. 2010లో ఆమె తన ప్రియుని యింటికి మాఱును. ఆమె చదువు పట్టాను తగిలించుటకు ఆ యింటి గోడలపై నెచ్చటను చోటుండదు. ఎన్నివిధముల సర్దినను కుదురదు. తుదకు మంచము క్రిందికి త్రోయవలసివచ్చును. ఆ రాత్రి మేము చాలసేపు తెరవంక చూచుచు కూర్చుండిపోతిమి. ఏల యనునది మా యీడు పాఠకురాండ్రకు వివరింప నక్కఱలేదు.

తరువాత వెన్బా ఆడితిమి. కెనడాకు వలసపోయిన తమిళ కుటుంబములోని తల్లి, తన తల్లి వ్రాసియిచ్చిన చినిగిన వంటల పుస్తకమును చూచి, మాసిపోయిన మాటలను ఊహించుకొని యిడ్లీలు వండును. టొరంటోలోని చిన్న బృందము చేసిన యీ యాట 2023లో వచ్చినది. మఱుసటి యేట బ్రిటనులో బాఫ్టా వారి తొలి కృతి బహుమానమును పొందినది. ఇట్టి యాటను బజారున కెవరు తేనిత్తురు, ఎవరు తేనీయరు అను ప్రశ్న అప్పుడు మాకు పిల్లల ముచ్చటగా తోచుట మానినది.

మా కుమారుని పక్షమిది: అంగడి యన్నపిమ్మట ఏర్చి కూర్చుట దాని ధర్మము. వాని కాదర్శము పోలెండు దేశమున 2008లో వెలసిన జీఓజీ. తొలుత అది పాత యాటలనే, నేటి యంత్రములపై నడచునట్లు చక్కజేసి, తాళము లేకుండ అమ్మెడిది. కొన్నవారు తమ యంత్రమున దాచుకొని యెప్పుడైన ఆడుకొనవచ్చును. 2012 నుండి క్రొత్త యాటలను గూడ చేర్చుకొన్నది గాని, పరీక్షించి యెంచుకొన్నవానినే.

వాని స్నేహితుల పక్షము వేఱు. ఎంచుటకు వారెవరు? ఆడువారినే యడుగవలె నందురు. (ఆడువారనగా ఆటలాడువారని యర్థము, మాయింట రెండర్థములును సరిపోవును.) అమెరికాలోని స్టీమ్ అంగడి యట్లే చేసి చూచినది. 2012 ఆగస్టులో గ్రీన్‌లైట్ అను పద్ధతి పెట్టి, ఏ యాట కావలెనో ఓట్లు వేయుడని జనుల నడిగినది. సరిహద్దు తనిఖీ బల్లయొద్ద కూర్చుండి పాసుపోర్టులు పరీక్షించుటయే ఆటగా గల పేపర్స్, ప్లీజ్ ఆ ద్వారముననే లోనికి వచ్చినది. ఏ వ్యాపారి దానిని ముందుగా ఎంచియుండును? అయితే ఓటున్నచోట ఓటు బేరమును ఉండును గదా. మాకు ఓటిండు, మీకు ఆట ఉచితముగా నిత్తుమను వారు బయలుదేఱిరి. 2017 జూనులో ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, ఆటకు 100 డాలర్లు కట్టినవారెవరైన రావచ్చునని తలుపులు తెఱచిరి. వెయ్యి డాలర్ల అమ్మకము జరిగినచో ఆ సొమ్ము తిరిగి యిత్తురు. ఇప్పుడక్కడ ఏటికి పదివేలకు మించిన యాటలు దిగుచున్నవి. పచ్చళ్ల అంగడిలో పదివేల జాడీలు నిలిపి, రుచి చూచుకొమ్మన్నట్లున్నది. మంచి ఆవకాయ ఏ మూలనున్నదో!

అందువలన మేము మా కుమారుని పక్షమునే యుంటిమి. ఉండుటయే గాదు, గట్టిగా పలికితిమి కూడ. ప్రతి చిల్లర వస్తువునకు అఱ యేల యంటిమి. అప్పుడు మా మేనకోడలు కాఫీ గిన్నెలు తీసికొని లోనికి పోయినది. మేము గమనింపలేదు.

సంగతి తరువాత తెలిసినది. ఆమె ఉద్యోగము చేసికొనుచునే, రాత్రులందు, రెండేండ్లు కష్టపడి ఒక యాటను తయారుచేసినది. మా తల్లిగారి ముగ్గుల పుస్తకమే దానికి మూలము. తెల్లవారకమునుపు వాకిట చుక్కలు పెట్టి, చేయి యెత్తక ఒక్కటే గీతను చుక్కల చుట్టును త్రిప్పి, మొదలిడిన చోటికి చేర్చవలెను. వీధిలో పాలబండి వచ్చులోపల ముగియవలెను. మొదటివి సులువు, 15 చుక్కలు, సందుచుక్క 8 వఱకు వచ్చుసరికి మాకే తల తిరిగినది. ఏర్చి యమ్ము అంగడులు లోకమున పెక్కు గలవు. అందొకదానికి ఆమె దరఖాస్తు పెట్టుకొన్నది. రెండు వాక్యముల జాబు వచ్చినది: మా కొనువారికిది సరిపడదని. ఆ జాబు వచ్చిన దినమే మేము చిల్లర వస్తువుల మాట యన్నది.

“నూఱు డాలర్లు కట్టి ఆ పెద్ద అంగడికే పోరాదా?” యని యడిగితిమి.

“పోవచ్చును అత్తయ్యా. కాని రానిచ్చినవారు చూచి రానిచ్చినారని యుండవలెను గదా. నాయనమ్మ పుస్తకము గనుక.”

మాకు మాట రాలేదు. ఏర్చు అంగడిని మాకంటె నెక్కువగా గౌరవించినది ఆమెయే!

తరువాతి ఆదివారము మా కుమారుడే ఓపస్ మాగ్నమ్ కథ చెప్పినాడు. రసవాదులు యంత్రములు కూర్చి లోహములను మార్చునట్టి యాట యది. దాని కర్తల పూర్వపు ఆటలను అమ్ముచుండిన జీఓజీయే 2017లో దీనిని మొదట వలదన్నది. కొనువారు, మేము కొందుమనుచుండగా మీ యభ్యంతరమేమని నిలదీసిరి. కొంతకాలమునకు నిర్ణయము మాఱి, ఆట అఱకెక్కినది. “చూచితివా, ఏర్చువాడు తప్పును” అని స్నేహితుడు. “తప్పి, దిద్దుకొన్నాడు” అని మా వాడు. అచ్చటనే ఆ పూట తెగలేదు.

మా మట్టునకు, ద్వారపాలకుడు వలదనుటకు మా కిప్పటికిని మనసు రాదు. కాని రెండు వాక్యముల జాబు మాత్రము అన్యాయము. పెండ్లిచూపులకు వచ్చి పిల్ల నచ్చలేదని మధ్యవర్తిచే కబురంపువారి తీరు మనకెల్ల తెలిసినదే. ఏ చోట ఆట కుంటుపడినదో ఒక్క మాట చెప్పినచో రెండేండ్ల నిద్ర మేలుకొని చేసిన మనిషికి దారి దొరకును.

ప్రస్తుతమాయాట ఇచ్.ఐఓ అను చోట నున్నది. 2013లో వెలసిన ఆ అంగడి ఎవరినైనను రానిచ్చును. అమ్మకములో తనకెంత భాగమో నిర్ణయించుట కూడ అమ్మువారికే విడిచినది. ఇంతవఱకు 43 ప్రతులు పోయినవి. అందు నాలుగు మావే యని యొప్పుకొనుచున్నాము.

మా తల్లిగారు మొన్న కంటి అద్దములు సవరించుకొని, ఆటను తుదివఱకు చూచి, ఏడవ ముగ్గున ఒక చుక్క యెక్కువైనదనిరి. పుస్తకము విప్పి చూడగా నిజమే. మేనకోడలు దానిని దిద్దుచున్నది. దిద్దినపిమ్మట ఆ వలదన్న అంగడికే మరల పంపునట. దరఖాస్తునకు వలయు బొమ్మలను మా కుమారుడు కూర్చి పెట్టుచున్నాడు.