నీళ్లు తగ్గిస్తేనే పూస్తుంది!

బెజవాడలో నీళ్లకేం కొదవ? ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్యనుంచే సాగిపోతాయి. అందుకేనేమో, పెరట్లో ఏ మొక్క వేసినా పొద్దునో బిందె, సాయంత్రమో బిందె కుమ్మరించాల్సిందే. మందారం సరేననొచ్చు. తంగేడు మాత్రం ఆ ప్రేమను తట్టుకోలేదు!

దాని అసలు చిరునామా తెలియాలంటే కొండపల్లి దారి పట్టాలి. బొమ్మలకు పేరుపడ్డ ఆ ఊరి కొండల్లో, రాళ్ల సందుల్లో, బాటల పక్కన మనిషెత్తు పొదలు. వానలు వెనకబట్టేసరికి కొమ్మల చివర గుత్తులుగుత్తులుగా పసుపుపచ్చని పూలు. ఎవరు నాటారు? ఎవరూ నాటలేదు. నీళ్లెవరు పోశారు? పడ్డ నాలుగు చినుకులే.

బతుకమ్మలో అగ్రస్థానం తంగేడుదే. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది. ఇటు రైతుకూ అది పాత చుట్టమే. కొమ్మలు నరికి పొలంలో తొక్కితే పచ్చాకు ఎరువు. బెరడుతో తోళ్లు పదును చేసేవారు. పువ్వులో తేనె ఉండదు. అయినా తుమ్మెదలు వదలవు. పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లదిలిస్తే, ఆ అదురుకి పుప్పొడి రాలుతుంది. వాటికి కావలసింది అదే.

పెంచడం ఇలా...

కొండమీది మొక్కను పీకి తేవద్దు. తల్లివేరు తెగితే బతకడం కష్టం. ఎండిన కాయల్లోంచి గింజలు తీసుకుంటే చాలు. పెంకు గట్టిది కాబట్టి వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. ఇసుక కలిపిన మట్టి సంచుల్లో వేసి, వేరు సంచి అడుగు తాకకముందే, తొలకరికి నాటేయాలి. చోటు రోజంతా ఎండపడేదై ఉండాలి. డెల్టా నల్లమట్టి అయితే ఇసుక, గులకరాళ్లు కలిపి అడుగెత్తు దిబ్బ చేసి నాటాలి. నేల గట్టిదైనా ఓర్చుకుంటుందిగానీ, మొదట్లో నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. వేరు నిలదొక్కుకునేదాకా, వానల్లేనప్పుడు వారానికోసారి తడిపితే సరి. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్లు, వాటి చివర మళ్లీ పూలు. ఎరువుతో పనిలేదు.

ఇంతకీ ఈ మొక్క ఊసు ఇప్పుడెందుకంటారా? విజయవాడలో ఎందరో కాలువ గట్టున ఉంటే, మరెందరో కొండవాలులో ఉన్నారు. మొగల్రాజపురం, గుణదల కొండల మెట్లెక్కితే బిందె నీళ్ల విలువ తెలుస్తుంది. 2024 ఆగస్టు చివర్లో కురిసిన ఒకే వానకు కింద బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగింది. పైన మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. తంగేడు బండరాళ్లను ఆపలేదు, నిజమే. కానీ బోసిపోయిన వాలు మీద పైమట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచగలదు. అదీ పైకి బిందెలు మోయనక్కర్లేకుండా!

వచ్చే తొలకరికి ఇంటి వెనక వాలులోనో, మేడ మీది పెద్ద తొట్టిలోనో ఓ మొక్క వేసి చూడండి. బిందె మాత్రం కాస్త దూరంగా పెట్టండి!