అట్ట మారిన పుస్తకాలు

మన పత్రికా సంఘం వారు ప్రతి సంవత్సరం తెలుగు అధ్యాపకుణ్ణి ఒక వ్యాసం అడగడం, అతడు ప్రబంధాల మీదనో శతకాల మీదనో నాలుగు పుటలు వ్రాసి ఇవ్వడం, విద్యార్థులు ఆ పుటలను మర్యాదగా దాటిపోయి తమ తమ ఛాయాచిత్రాలు వెతుక్కోవడం ఆనవాయితీగా వస్తున్నది. ఈ సంవత్సరం ఆ ఆనవాయితీకి భంగం కలిగించవలసి వచ్చింది. కారణం బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి. హైదరాబాదులో జరిగిన కామిక్ కాన్ ప్రదర్శనకు వెళ్ళివచ్చి, తన ఫోనులో ఒక అమెరికా బొమ్మల పుస్తకం అట్టను నాకు చూపి, "సార్, లోపలి కథ అందరికీ దొరికేదే. అట్ట మాత్రం వేరు. వేరియంట్ కవర్ అంటారు. అందుచేత ఆరు వేలు చెబుతున్నారు. ఇది కొని పదేళ్ళు దాచితే మా చెల్లెలి చదువుకు అక్కరకు వస్తుందంటారా?" అని అడిగాడు.

ఆ కడపటి మాట విననట్లయితే నవ్వి ఊరుకునేవాణ్ణే. విన్నాను గనుక నవ్వలేకపోయాను, సమాధానమూ చెప్పలేకపోయాను. ఇంతలో గంట కొట్టారు, తరగతికి వెళ్ళిపోయాను. ఆనాడు చెప్పని సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాను. తెలుగు పంతులికి కామిక్ పుస్తకాల బేరసారాలతో ఏమి పని అని కార్యవర్గం పెద్దలు అనుకోవచ్చు. పని ఉన్నది. మా ఇంట ఒక ఇనుపపెట్టె అడుగున ఇటువంటి పుస్తకాలు పన్నెండు, పదమూడేళ్ళపాటు దాచబడి ఉండినవి. వాటిలో ఒకటి నా బాల్యంలోని ఒక తప్పుకు సాక్షి.

మా మామూ, అనగా మా అమ్మీకి తమ్ముడు, 1988లో అమెరికా వెళ్ళి షికాగో నగరంలో ఒక పెట్రోలు బంకులో రాత్రి పని చేసేవారు. ఆ దేశంలో చట్టం నిర్ణయించిన కనీస కూలి 1991లో గంటకు 4.25 డాలర్లు. ఆ సంవత్సరమే మార్వెల్ సంస్థ 'ఎక్స్-మెన్' అనే కొత్త పుస్తకం మొదటి సంచికను ఐదు అట్టలతో వెలువరించింది. కథ క్రిస్ క్లేర్‌మాంట్‌ది, బొమ్మలు జిమ్ లీవి. ఐదింటి లోపలా ఒకటే కథ. నాలుగు అట్టలను ప్రక్కప్రక్కన పేర్చితే ఒక పెద్ద చిత్రం ఏర్పడుతుంది. ఐదవ దానికి ఆ చిత్రమంతా మడతలు విప్పే ఒకే అట్టగా వేశారు. మొదటి నాలుగూ ఒక్కొక్కటి డాలరున్నర, ఐదవది 3.95. ఒకే కథను ఐదుమార్లు కొనడమన్నమాట! జనం కొన్నారు. మా మామూ కూడా కొన్నారు, అట్టకు రెండేసి చొప్పున. మరుసటి సంవత్సరం నవంబరులో డి.సి. సంస్థ తన సూపర్‌మ్యాన్‌ను చంపివేసి, ఆ 75వ సంచికను నల్లని ప్లాస్టిక్ సంచిలో సీలు చేసి రెండున్నర డాలర్లకు అమ్మింది. అవీ రెండు. లెక్క కడితే పన్నెండు పుస్తకాలకు 24.90 డాలర్లు, కనీస కూలి ప్రకారం ఆరు గంటల కష్టానికి ఇంచుమించు సరి.

మామూకు బొమ్మల పుస్తకాల మీద మోజు ఏనాడూ లేదు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనబడిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 1938లో పది సెంట్లకు అమ్మిన పుస్తకమనీ, అది ఇప్పుడు వేల డాలర్లు పలుకుతున్నదనీ ఆయన పత్రికలో చదివారు. పది సెంట్లది వేలైతే డాలరున్నరది ఎంత కావాలి? ఈ త్రైరాశికంలో తప్పు ఎక్కడున్నదో ఆనాడు అమెరికాలోనే పెక్కుమందికి తోచలేదు. రాత్రంతా మేలుకొని పనిచేసే మా మామూకు తోచలేదని నేనెట్లా అనను?

1998లో సెలవు మీద కర్నూలు వచ్చినప్పుడు ఆయన ఆ పుస్తకాలను రెండు కట్టలుగా కట్టి, ఒకదానిపై నా పేరు, రెండవదానిపై మా ఆపా పేరు చీటీలు అంటించి అమ్మీ చేతికిచ్చారు. "బాజీ, వీటిని పిల్లలను ముట్టనివ్వకు. ఇరవై ఏళ్ళు గడవనీ. ఒక్కొక్క కట్ట ఒక్కొక్కరి కాలేజీ చదువు" అన్నారు. అమ్మీ ఆ మాటను తాయెత్తులాగా దాచుకున్నది. పట్టుచీరల క్రింద, ఇంటి దస్తావేజుల ప్రక్కన ఆ కట్టలకు చోటు దొరికింది.

పుస్తకం అనే వస్తువును చదవకూడదని చెప్పడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. 1999 వేసవిలో, నాకు పదేళ్ళ వయసులో, అమ్మీ పెళ్ళికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచాను. నల్ల సంచి మీద ఎర్రని అక్షరం, దాని నుండి నెత్తురు కారుతున్నట్లు. ఇక్కడ పాఠకులు గమనించవలసినది ఒకటున్నది. నేను నా కట్ట విప్పలేదు. ఆపా కట్ట విప్పాను. తెరిస్తే విలువ పోతుందని నాకు తెలుసు; పోయేది నాది కాకూడదని ఎంచుకున్నాను. ఈ మాట వ్రాయడానికి ఇన్నేళ్ళ తరువాత కూడా కలం మొరాయిస్తున్నది.

సంచిలో పుస్తకంతో పాటు మడతపెట్టిన పెద్ద బొమ్మ, వార్తాపత్రికలో వచ్చినట్లు అచ్చువేసిన మరణవార్త, కొన్ని తపాలా బిళ్ళల వంటివి, ఒక కార్డు, చేతికి కట్టుకొనే నల్లపట్టీ ఉన్నవి. అబ్బా సర్కారు బడిలో పంతులు. సమ్మె రోజులలో ఆయన చొక్కాకు నల్ల బ్యాడ్జీ పెట్టుకొని వెళ్ళడం చూచినవాణ్ణి గనుక, సూపర్‌మ్యాన్ జీతం కోసం సమ్మె చేసి చనిపోయాడు కాబోలునని అనుకున్నాను. పుటకొక్క బొమ్మ. డాన్ జర్గెన్స్ కూర్చిన ఆ కథలో ఇంగ్లీషు నాకు పాతికవంతు కూడా అర్థం కాలేదు. అయినా చివరి పుటకు వచ్చేసరికి కళ్ళు తడిసినవి. తరువాత భయం పట్టుకున్నది. చిరిగిన అంచును కొవ్వొత్తి మంటతో అంటించబోతే ప్లాస్టిక్ కమిలి ముడుచుకుపోయింది. అట్లాగే కట్ట అడుగున పెట్టి, నల్లపట్టీని నా జామెట్రీ పెట్టెలో దాచుకున్నాను.

మేము పెట్టెకు తాళం వేసి కాపలా కాస్తున్న ఆ కాలానికే అమెరికాలో ఆ బేరం ముగిసిపోయింది. 'ఎక్స్-మెన్' మొదటి సంచిక ఎనభై లక్షల ప్రతులు అమ్ముడైనట్లు లెక్క. అయితే అవి దుకాణాలు తెప్పించుకున్న ప్రతులు; పాఠకులు ఇళ్ళకు తీసుకొనిపోయినవి కావు. పూర్వం పత్రికల దుకాణాలలో మిగిలిపోయిన ప్రతులను ప్రచురణకర్తలు వాపసు తీసుకునేవారు. 1970ల నుండి కామిక్ పుస్తకాలకే ప్రత్యేకమైన దుకాణాలు పెరిగినవి. వీరికి కమీషను ఎక్కువ, కాని వాపసు లేదు. మిగిలితే ఆ సరుకు వారి నెత్తినే. కొన్నవారు సైతం మా మామూ వలెనే జాగ్రత్తగా దాచారు. లక్షలాది మంది ఒకే వస్తువును చెక్కుచెదరకుండా దాచితే అది అరుదెట్లా అవుతుంది? 1938 నాటి పుస్తకాలను పిల్లలు చదివారు, చేతులు మార్చారు, చింపారు, తల్లులు పారవేశారు, యుద్ధకాలంలో పాత కాగితాల క్రింద ఎన్నో పోయినవి. అట్లా పోగా మిగిలినది గనుకనే యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో అరవై లక్షల డాలర్లు పలికింది. 1993 తరువాత అమెరికాలో దుకాణాలు వరుసగా మూతబడినవి. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థయే దివాలా రక్షణ కోరి న్యాయస్థానానికి వెళ్ళింది. మామూ కట్టలు కట్టి తెచ్చినది దానికి రెండేళ్ళ తరువాత.

వేరియంట్లలో నిజంగా విలువైనవి లేకపోలేదు. 1977లో మార్వెల్ వారు ధర పెంచితే జనం కొంటారా లేదా అని పరీక్షించడానికి, 'స్టార్ వార్స్' మొదటి సంచికను కొద్ది ఊళ్ళలో మాత్రం 30 సెంట్లకు బదులు 35 సెంట్ల ధర అచ్చువేసి పంపారు. అట్టమీద అంకె తప్ప మరే భేదమూ లేదు. ఎవరూ దాచాలని దాచలేదు. ఇవాళ ఆ 35 సెంట్ల ప్రతికి వేల డాలర్లు ఇస్తారు. దీనికీ 2013లో 'జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా' మొదటి సంచికకు రాష్ట్రానికొక జెండా చొప్పున యాభైకి పైగా అట్టలు వేయడానికీ మధ్య ఉన్న దూరం నా విద్యార్థి గ్రహించాలి.

ఆ విద్యార్థి నాకు చూపినది నిష్పత్తి వేరియంట్. దుకాణదారు మామూలు ప్రతులు ఇరవై ఐదు తెప్పించుకుంటే ప్రత్యేకపు అట్ట గలది ఒకటి ఇస్తారు. కొన్నింటికి నూటికి ఒకటి. అమ్మకం పది ప్రతులే ఉన్న దుకాణదారు ఆ ఒక్కదాని కోసం ఇరవై ఐదూ తెప్పిస్తాడు. మిగిలిన పదిహేను ప్రతుల నష్టాన్ని ఆ ఒక్కదాని మీద వేస్తాడు. అంటే ఆ ఆరు వేలలో కొంత భాగం ఎవరూ చదవని పుస్తకాల ఖరీదు. మన వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు దీనిని నాకంటే బాగా వివరించగలరు. 2000 నుండి ఇంకొక ఏర్పాటు వచ్చింది: పుస్తకాన్ని పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పలకల నడుమ బిగించి ఇస్తారు. 9.8 వచ్చిన పుస్తకానికీ 9.4 వచ్చిన దానికీ ధరలో ఎంతో తేడా. మార్కుల కోసం మన పిల్లలు పడే పాట్లు చాలవన్నట్లు పుస్తకాలకు కూడా!

తెలుగు చదువుకున్నవాడికి వేరియంట్ అనగానే పాఠభేదం గుర్తుకు వస్తుంది. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడు. అక్కడ ప్రతికీ ప్రతికీ తేడా లేఖకుని చేతిలో పుట్టినది. ఆ తేడా లోపలిది, దానిని బట్టి పద్యం అర్థమే మారిపోవచ్చు. కామిక్ వేరియంటులో లోపల అక్షరం మారదు. మన 'చందమామ' దీనికి సరిగా తలక్రిందులు: అదే ముఖచిత్రంతో తెలుగులోనూ తమిళంలోనూ వచ్చేది. అట్ట మారలేదు, భాష మారింది. ఎం.ఎ. చదివే రోజులలో నాకీ పోలిక తట్టి, పరీక్షలో వ్రాద్దామనుకొని ధైర్యం చాలక మానుకున్నాను. అట్ట బొమ్మ మాత్రం తక్కువదా అంటే కాదు. వడ్డాది పాపయ్యగారి చందమామ ముఖచిత్రాలను కత్తిరించి చట్టం కట్టించుకున్న ఇళ్ళు నేనెరుగుదును. బొమ్మ నచ్చి ఆరు వేలు పెట్టేవాణ్ణి నేను కాదనను. చెల్లెలి చదువుకని పెట్టేవాణ్ణి చేయి పట్టుకొని ఆపుతాను.

2011లో ఆపా బి.ఎడ్.లో చేరదలచింది. ఫీజుకు డబ్బు తక్కువైనది. అమ్మీ పెట్టె తెరిచి, గడువుకు ఇంకా ఏడేళ్ళున్నా సరే, మామూకు ఫోను చేయించింది. మామూ తమ ఊరిలో ఒక కామిక్ దుకాణానికి వెళ్ళి అడిగారు. ఎక్స్-మెన్ అయితే డాలరుకొకటి, తెరవని సూపర్‌మ్యాన్‌కు పది డాలర్లు అన్నాడట. అవి తన దగ్గరే నేలమాళిగలో పెట్టెల కొద్దీ ఉన్నవన్నాడట. ఈ సంగతి చెప్పి మామూ చాలాసేపు మాట్లాడలేదు. పరాయి దేశం ఫోను, నిమిషానికింత అని లెక్క. అయినా ఎవరమూ పెట్టివేయలేదు. చివరికి అమ్మీయే, "పోనీలే తమ్ముడూ, పిల్లల పేర్లు వ్రాసి తెచ్చావు, అదే చాలు" అన్నది. మర్నాడు ఆమె గాజులు బ్యాంకులో కుదువకు వెళ్ళినవి.

పన్నెండేళ్ళు నన్ను వెంటాడిన తప్పు వెల ఆనాటి మారకంలో ఐదు వందల రూపాయల లోపు. అది తెలిసి తేలికపడవలసినవాణ్ణి, మరింత కుంగిపోయాను. ఆ రాత్రి ఆపాకు అంతా చెప్పాను, ఆమె కట్టనే ఎందుకు ఎంచుకున్నానో అదీ చెప్పాను.

"నాకు తెలుసు. నీ జామెట్రీ పెట్టెలో నల్లపట్టీ ఆ ఏడే చూశాను" అన్నది.

"మరి అమ్మీకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీ కట్ట నా పేర మార్చేది. నువ్వు ఏడ్చేవాడివి." కొంతసేపు ఊరుకొని, "ఇంతకూ అతడు నిజంగా చనిపోయాడా?" అని అడిగింది.

లేదని చెప్పాను. 1993లోనే తిరిగి బ్రతికించారు.

"అంటే మామూ మనకు తెచ్చి ఇచ్చేనాటికే బ్రతికి ఐదేళ్ళయింది!" అని ఆపా నవ్వడం మొదలుపెట్టింది. ప్రక్కగదిలో అమ్మీ లేచి, ఇంత రాత్రివేళ ఏమి నవ్వులని కేకలు వేసేదాకా నవ్వింది.

ఆపా ఇప్పుడు ఉపాధ్యాయిని. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఆమె కూతురు తన తల్లి కట్ట విప్పి, నాలుగు ఎక్స్-మెన్ అట్టలను మా హాలులో నేలమీద పేర్చి, బొమ్మ కలిసిందని అందరినీ పిలిచి చూపించింది. నా కట్టలోని నల్ల సంచి మాత్రం ఇంకా సీలుతోనే ఉన్నది. అది తెరవమని ఆ పిల్ల ఇప్పటికి రెండుమార్లు అడిగింది.