గట్టూ నీళ్ళూ

కొత్త ఆట కనిపెట్టడానికి ఒక మధ్యాహ్నం చాలు. గళ్ళ కాగితం, రెండు రంగుల గింజలు, ఇద్దరు మనుషులు. "వంతుకో గింజ, వరసగా నాలుగు పడితే గెలుపు" అంటే అయిపోయింది, ఆట పుట్టింది. దాన్ని బతికించడమే కష్టం. పాచికలు లేని, చేతిలో దాచుకునే ముక్కలు లేని ఆటలో అదృష్టం మీదకి తోసెయ్యడానికి ఏమీ ఉండదు. మొదటి గింజ పడకముందే, ఇద్దరిలో ఒకరికి తప్పకుండా గెలిచే దారి ఉంటుంది. లేకపోతే ఇద్దరికీ ఓడిపోకుండా ఉండే దారి ఉంటుంది. ఆ దారి మనకింకా తెలియదు కాబట్టే ఆడుతున్నాం.

దాడి ఆట సంగతే చూడండి. చెరి తొమ్మిది గింజలు, ఇరవైనాలుగు బిందువులు, ప్రపంచమంతా వందల ఏళ్ళుగా ఆడుతున్న ఆట. 1993లో రాల్ఫ్ గాసర్ అనే ఆయన కంప్యూటర్‌తో దాని అంతు తేల్చాడు: ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే ఎవరూ గెలవరు. గుడి అరుగుల మీద ఆడేవాళ్ళకి ఈ కబురు అందలేదు. అందినా ఆపరనుకోండి.

నాకు మాత్రం దాడి కంటే పులి-మేక ఎక్కువ ఇష్టం. మూడు పులులు, పదిహేను మేకలు. చదరంగంలో రెండు సైన్యాలూ ఒకటే, రంగే తేడా. పులి-మేకలో ఇద్దరూ ఆడేది ఒకే ఆట కూడా కాదు. పులి దుంకి తినాలి, మేకలు కలిసి దారి మూసెయ్యాలి. బలం ఒకడిది, సంఖ్య ఒకడిది. నేను కట్టాలనుకున్న ఆట అలాంటిదే, కాకపోతే గళ్ళ మీద.

గళ్ళు ఎందుకంటే మాది ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింది ఊరు. ఊరి పేరు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాది, చెరువు ఆయన కాలం నాటిదంటారు. 1550 నుంచి 1580 దాకా ఏలినవాడు, మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నవాడు. ఆ కట్టమీద నిలబడి చూస్తే రెండు రకాల గళ్ళు కనిపిస్తాయి. ఒకటి మడులు: కొంచెం వంకరగా, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు. రెండోది సాగర్ రోడ్డు వైపు వెంచర్లు: హద్దురాళ్ళకి తెల్ల రంగు కొట్టి, స్కేలు పెట్టి గీసినట్టుండే ప్లాట్లు. ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ 277 బస్సు కిటికీలోంచి మొదటి గళ్ళు తగ్గిపోతూ రెండో గళ్ళు పెరిగిపోతూ ఉండటం చూశాను. అది కూడా వంతులవారీగా నడుస్తున్న ఆటలాగే ఉండేది, ఒకవైపు వాళ్ళకే ఎక్కువ వంతులు వచ్చినట్టు.

మా తాత నీరటి. తూము ఎప్పుడెత్తాలి, ఏ కాలువకి ఎంతసేపు, ఎవరి మడి తడిసింది, ఎవరిది ఎండింది, ఇదంతా ఆయన లెక్క. చెరువు ఏళ్ళ తరబడి ఎండిపోయాక ఆ పనీ పోయింది. ఇంటిముందు షాబాద్ బండ మీద కూర్చొని, వచ్చినవాడినల్లా పులి-మేకకి పిలిచేవాడు. నా ఆట ముందుగా చూపించింది ఆయనకే.

బండ మీద చాక్‌పీసుతో తొమ్మిది బై తొమ్మిది గళ్ళు గీశాను. పై అంచు తూము, కింది అంచు చివరి మడి. ఒకరు నీళ్ళు, ఇంకొకరు గట్టు. నీళ్ళకి పగిలిన గాజుముక్కలు, గట్టుకి చింతగింజలు. వంతుకొకటి, ఖాళీగా ఉన్న ఏ గడిలోనైనా పెట్టొచ్చు. పెట్టింది కదిలించకూడదు. పైనుంచి కిందికి గాజుముక్కలు కలిస్తే నీళ్ళ గెలుపు. ఎడమ నుంచి కుడికి చింతగింజలు కలిసి అడ్డం పడితే గట్టు గెలుపు.

ఒక్క చిక్కు. కలవడం అంటే ఏంటి? పక్క గడిలో ఉంటేనే కలిసినట్టా, మూలకు మూల తగిలినా కలిసినట్టా? ఇద్దరికీ పక్కలే లెక్క అంటే, బల్ల నిండిపోయాక కూడా నీళ్ళు దాటక, గట్టు కలవక ఆట ఆగిపోవచ్చు. ఇద్దరికీ మూలలు కూడా లెక్కే అంటే నీళ్ళూ గట్టూ ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయి ఇద్దరూ గెలవచ్చు.

ఈ చిక్కుని పీట్ హైన్ అనే డెన్మార్క్ ఆయన చాలా అందంగా తప్పించాడు. 1942 డిసెంబర్లో ఆయన కోపెన్‌హాగెన్ పత్రికలో పరిచయం చేసిన ఆటలో గళ్ళు చదరాలు కావు, తేనెపట్టు గళ్ళు. ఆ గళ్ళలో మూల దగ్గర మూడే కలుస్తాయి కాబట్టి మూల గొడవే రాదు. ఎవరో ఒకరు గెలవాల్సిందే. కొన్నేళ్ళకి ప్రిన్స్‌టన్‌లో చదువుకుంటున్న జాన్ నాష్, హైన్ సంగతి తెలియకుండానే అదే ఆట కనిపెట్టాడు. 1952లో హెక్స్ అన్న పేరుతో అది అంగడికొచ్చింది. నాష్ ఇంకోటి కూడా రుజువు చేశాడు: హెక్స్‌లో మొదట ఆడేవాడికి గెలిచే దారి ఉంది. వాదన చిన్నదే. రెండోవాడి దగ్గర గెలుపు మంత్రం ఉందనుకుందాం. మొదటివాడు ఎక్కడో ఒక గింజ ఊరికే పడేసి, అక్కణ్ణుంచి తనే రెండోవాడినన్నట్టు ఆ మంత్రాన్నే వాడుకుంటాడు. ఎక్కువున్న గింజ ఈ ఆటలో ఎప్పుడూ చేటు చెయ్యదు. కాబట్టి రెండోవాడికి మంత్రం ఉండటం కుదరదు. అయితే ఆ దారి ఎటు వెళ్తుందో ఈ వాదన చెప్పదు. ఉందని మాత్రం చెప్తుంది. నాకిది గణితంలోకెల్లా కొంటె వాదన అనిపిస్తుంది.

కానీ మా మడులు తేనెపట్టులా ఉండవు. నాకు చదరాలే కావాలి. తాతనడిగాను.

"మడిల్నుంచి మడిలకు నీళ్ళెట్ల వోతయి? గట్టు తెంపితె వోతయి. మూల మీదికెళ్ళి వోతయా?" అన్నాడు. "గట్టయితె మూలకు మూల తాకినా సాలు, ఆగుతయి."

అంటే నీళ్ళకి పక్కలే దారి, గట్టుకి మూలలు కూడా. ఇలా పెడితే డ్రా ఉండదు. బల్ల నిండేసరికి ఇద్దరిలో ఒక్కరే, కచ్చితంగా ఒక్కరే గెలుస్తారు. కంప్యూటర్ బొమ్మల్లో ఆకారాన్నీ దాని వెనక ఖాళీనీ విడదీసేవాళ్ళు కూడా సరిగ్గా ఈ నియమమే వాడతారు, ఒకదానికి నాలుగు దిక్కులు, రెండోదానికి ఎనిమిది. తాతకది కాలువ దగ్గర తెలిసింది.

మొదటి రోజు ఆరాటలాడాం. ఆరింటా గట్టు గెలిచింది, గట్టు తాతది. ఏడో ఆట మధ్యలో నవ్వి, వేలితో రెండు వరసలు చూపించాడు.

"గీ రెండు వరసలు నావనుకో. నువ్వు మీద వెడితె నేను దాని కింద వెడత. కింద వెడితె మీద వెడత. ఇగ నీళ్ళెట్ల దాటిస్తవ్ బిడ్డా?"

నిజమే. ఆనుకుని ఉన్న రెండు అడ్డవరసలు తీసుకుంటే, ఒక్కో నిలువులో ఒక్కో జత. ప్రతి జతలోనూ గట్టుకి ఒక గడి దక్కుతుంది. పైదైనా కిందిదైనా పక్క నిలువులో ఉన్నదానికి కనీసం మూల తగులుతుంది. ఎడమ నుంచి కుడికి గట్టు పూర్తి. నీళ్ళు ముందు ఆడినా, ఎంత తెలివిగా ఆడినా ఇంతే. చూడకుండా ఆడినా గట్టుదే గెలుపు.

ఇది మా బండకే పట్టిన గతి కాదు. డేవిడ్ గేల్ అనే గణితవేత్త చుక్కల్ని గీతలతో కలిపే ఒక ఆట కడితే, దాన్ని బ్రిడ్జ్-ఇట్ అని డబ్బాల్లో పెట్టి అమ్మారు. ఆలివర్ గ్రాస్ అనే ఆయన దానికీ ఇలాంటి జతల ఉపాయమే కనిపెట్టాడు. నువ్వు ఇక్కడ గీస్తే నేను అక్కడ గీస్తాను, అంతే. ఆట డబ్బాలో ఉంది, దాని ప్రాణం కాగితమ్ముక్క మీదకి వచ్చేసింది.

ఈ మధ్యలోనే ఆఫీసులో ఒక ఫ్రెండు "పేటెంట్ తీసుకో" అన్నాడు. మన 1970 పేటెంట్ చట్టంలో సెక్షన్ 3లో ఎం క్లాజు, ఆట ఆడే పద్ధతి పేటెంట్‌కి పనికిరాదని చెప్తుంది. చదివి సంతోషించాను. పులి-మేక ఎవరి పేరు మీదైనా రిజిస్టరై ఉంటే తాత ఎవరికి రాయల్టీ కట్టేవాడు?

సవరణలు మొదలుపెట్టాను. నీళ్ళకి వంతుకి రెండు ముక్కలిస్తే వరదే అయింది, మేమాడిన ఆటల్లో గట్టు ఒక్కసారీ నిలవలేదు. గట్టుకి గింజలు తక్కువిస్తే, ఎన్ని తక్కువ అన్నది తేలదు. పద్దెనిమిదా, పదిహేడా? ఒక గింజ అటూ ఇటూ అయితే ఆట ఒకవైపు ఒరిగిపోతుంది. వారం వారం బస్సెక్కి వచ్చి కొత్త అంకె చెప్పడం, తాత దాన్ని విరగ్గొట్టడం.

"నువ్వెందుకు చెప్తవ్ లెక్క?" అన్నాడు ఒకరోజు విసుక్కుని. "ఆడెటోళ్ళనే చెప్పుకోనియ్యి. ఒకడు వాటాలేస్తడు, ఇంకోడు కోరుకుంటడు."

అంటే ఇలా. ఆట మొదలుకాకముందు ఇద్దరిలో ఒకరు బల్ల మీద తనకి తోచినన్ని గాజుముక్కలు, తోచిన చోట పెడతారు. రెండోవారు చూసి, నీళ్ళు కావాలా గట్టు కావాలా కోరుకుంటారు. ఆ తర్వాత వంతుకొకటి. మరీ తక్కువ ముక్కలు పెడితే ఎదుటివాడు గట్టు తీసుకుంటాడు. ఎక్కువ పెడితే నీళ్ళు తీసుకుంటాడు. కాబట్టి పెట్టేవాడు తనకే ఏది దక్కినా బాధపడని చోట ఆగాలి. ముందే పెట్టిన ముక్కలు జతల్ని అక్కడక్కడా తెంపేస్తాయి, గట్టు వంకర తిరగాల్సి వస్తుంది. ఆట లేచి కూర్చుంది. హెక్స్ ఆడేవాళ్ళు కూడా మొదటి ఎత్తుకి ఇదే పద్ధతి వాడతారు. వాళ్ళ ఉపమానం కేకు: కోసేది ఒకరు, ముక్క తీసుకునేది ఇంకొకరు.

మా ఇంట్లో ఉపమానం కేకు కాదు, భూమి. తాత ఆ మాట అన్నప్పుడు లోపల అన్నం తింటున్న నాయిన చెయ్యి ఆగడం నేను చూశాను.

తొంభైల మొదట్లో నాయినా చిన్నాయినా పంచుకున్నప్పుడు పద్ధతి ఇదే. పెద్దవాడు వాటాలు వేశాడు, చిన్నవాడు కోరుకున్నాడు. చెరువు కింద రెండెకరాల తరి ఒక వాటా. సాగర్ రోడ్డు పక్కన నాలుగెకరాల చెల్క రెండోది, ఆముదాలు తప్ప ఏవీ సరిగ్గా పండని నేల. చిన్నాయిన తరి తీసుకున్నాడు. ఆ రోజు ఎవరైనా అదే తీసుకుంటారు. నాయిన కూడా ఏది మిగిలినా సరేననుకునే వేశాడు. న్యాయమైన పంపకం అంటే అదే కదా.

తర్వాత చెరువు ఎండింది. రోడ్డు వెడల్పయింది, కాలేజీలొచ్చాయి, వెంచర్లొచ్చాయి. ఆముదాలు పండని నేల గజాల్లో అమ్ముడుపోయింది. మా ఇల్లు, నా చదువు, అక్క పెళ్ళి అన్నీ ఆ చెల్కే. చిన్నాయిన ఒక్క మాట అనలేదు. అనకపోవడమే జరిగింది, తొమ్మిదేళ్ళు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే "బాగున్నవా" అంటే "బాగున్న".

వాటాలేసి కోరుకునే పద్ధతికి ఉన్న హద్దు ఇది. కోరుకునే నిమిషానికి ఇద్దరికీ ఏం తెలుసో అంతవరకే దాని న్యాయం. ఆట మధ్యలో ఒక వరస హఠాత్తుగా విలువైపోయే నియమం, ఒక 'రోడ్డు', పెడదామని కూడా అనుకున్నాను. పెట్టలేదు. అది పాచిక వేసినట్టే. ఆటలో నాకిష్టమైన సంగతి బల్ల మారకపోవడం.

పోయినేడు పెత్రమాసకి చిన్నాయిన వచ్చాడు, తాతకి ఒంట్లో బాలేదని. బండ మీద గళ్ళు చూసి ఏంటని అడిగాడు. తాతే చెప్పాడు, మంచంలోంచి, మూలల సంగతితో సహా. చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. చిన్నాయిన కాసేపు నిలబడి, కూర్చుని, గాజుముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. ఒకటి పెట్టి, తీసి, పక్క గడిలో పెట్టి. చాలాసేపు పట్టింది. పదకొండు పెట్టాక చేతులు దులుపుకున్నాడు.

"కోరుకో అన్నా."

నాయిన చాయ్ గ్లాసు గడప మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. నీళ్ళు కోరుకున్నాడు. పదిహేనో ఇరవయ్యో వంతులు గడిచాయి. ఎడమ అంచు దగ్గర పేచీ వచ్చింది, మూలకు మూల తాకితే గట్టు కలిసినట్టా కాదా అని. నాయిన కాదన్నాడు, చిన్నాయిన అయినట్టే అన్నాడు, గొంతులు లేచాయి. తీర్పు చెప్పడానికి తాతని లేపాల్సి వచ్చింది.